లుబెరాన్ కొండ ఊళ్ళు ఈ-బైకు మీద: బైకు అద్దె, రూట్లు, తిండి, అన్నిటి మీద రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఫ్రాన్స్‌లో ప్రొవాన్స్ వైపు ప్లాన్ చేస్కునేవాళ్ళు చాలామంది కారు తీస్కుని గోర్ద్, రూసియాన్, బోన్యూ మూడూ ఒకే రోజు కవర్ చేసేసి వస్తారు, దయచేసి ఆ పని చెయ్యకండి. ఈ ఊళ్ళన్నీ కొండ కొసల మీద ఉంటాయి, కార్లని ఊరి కిందే డబ్బులు కట్టించుకుని పార్కింగ్‌లో ఆపేస్తారు, అక్కణ్ణుంచి ఎండలో నడిచి పైకెక్కి ఐస్‌క్రీమ్ తిని దిగిపోవడమే అవుతుంది. అదే సైకిలైతే లోయలోంచి అరగంట ముందే ఆ ఊరు పైన కనపడుతూ ఉంటుంది, మలుపు మలుపుకీ కాస్త పెద్దదవుతుంది, చివరికి చర్చి పక్కన ఫౌంటెన్ దాకా తొక్కుకుంటూ వెళ్ళి అక్కడే దిగుతాం. రెండిటికీ అసలు పోలికే లేదు.

మేం ఉండేది టూలూజ్‌లో, మా ఆయనది ఎయిర్‌బస్ వైపు ఉద్యోగం, జూన్‌లో హైదరాబాద్ నుంచి మా పిన్ని వచ్చినప్పుడు ముగ్గురం కలిసి వెళ్ళాం. పిన్ని రిటైరైన టీచరమ్మ, ఒకప్పుడు సైకిల్ మీదే స్కూలుకి వెళ్ళేది కానీ ఆ తర్వాత ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. కాబట్టి ఇది రేసింగ్ సైకిళ్ళవాళ్ళ కోసం రాసిన రివ్యూ కాదు, వాళ్ళకి పక్కనే 1900 మీటర్లు దాటిన వాంతూ కొండ ఉంది, వాళ్ళ లోకం వేరు. ఇది మామూలు మనుషుల కోసం.

ఎక్కడుందో తెలీనివాళ్ళకి: అవిన్యాన్‌కి తూర్పున లుబెరాన్ అని పొడుగాటి కొండల వరస ఉంటుంది, దాని ఉత్తరం వైపు కలవాన్ అనే చిన్న నది లోయ. లోయకి దక్షిణం గట్టు మీద ఒపెద్, మెనెర్బ్, లాకోస్ట్, బోన్యూ, ఉత్తరం గట్టు మీద గోర్ద్, రూసియాన్, తూర్పు చివర ఆప్ట్ టౌను. 1977 నుంచి ఇదంతా రీజినల్ నేచర్ పార్కు, అందుకే ఊళ్ళ మధ్యలో ఇప్పటికీ ద్రాక్ష తోటలు, చెర్రీ తోటలే ఉన్నాయి. పారిస్ నుంచి అయితే టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో అవిన్యాన్ రెండు గంటల నలభై నిమిషాల చిల్లర, అక్కడ లోకల్ ట్రైన్ ఎక్కితే కవయాన్, లోయ అక్కడే మొదలవుతుంది. మేం రూము గూల్ అనే ఊళ్ళో తీస్కున్నాం, ఇది నా మొదటి సలహా, గోర్ద్‌లో హోటళ్ళ రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, గూల్ సరిగ్గా లోయ మధ్యలో ఉంటుంది, ఎటు వెళ్ళినా దగ్గరే, పైగా టూరిస్టు బస్సుల గోల ఉండదు, ఊరి పైన పాత గాలిమర ఒకటుంది, సాయంత్రం అక్కడ కూచుంటే లోయంతా కనపడుతుంది.

ఇప్పుడు అద్దె సర్వీసు గురించి. లోయలో ఈ-బైకులు ఇచ్చే షాపులు చాలానే ఉన్నాయి, మేం తీస్కున్నది రూముకే బైకులు తెచ్చిచ్చే షాపు. రోజుకి 40 యూరోల అటూ ఇటూ, ఎక్కువ రోజులకి కాస్త తగ్గించారు. హెల్మెట్, గట్టి తాళం, పంక్చర్ కిట్, వెనక సంచి, ఫోన్ పెట్టుకునే క్లిప్పు అన్నీ అందులోనే. డిపాజిట్ కింద కార్డు మీద కొంత డబ్బు బ్లాక్ చేస్తారు, ఇది ఫ్రాన్స్‌లో అందరూ చేసేదే, కంగారు పడక్కర్లేదు. వచ్చినాయన సీటు ఎత్తు ఒక్కొక్కరికీ సెట్ చేసి, పిన్నిని రోడ్డు మీద అటూ ఇటూ నాలుగు రౌండ్లు తొక్కించి, ఆవిడ సరే అన్నాకే వెళ్ళాడు, నాకు బాగా నచ్చింది అది. తొక్కడం మొదలెట్టిన కాసేపటికే పిన్ని వెనక్కి తిరిగి "ఏమే, ఇది వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టే ఉందే" అంది, ఆ మొహం చూడాలి మీరు.

నచ్చనివీ ఉన్నాయి. మూడు బైకులకీ కలిపి ఒక్కటే ఛార్జర్ ఇచ్చారు, రాత్రి ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోవాలంటే మధ్యలో లేవాలి కదా, ఫోన్ చేస్తే రెండోది తెస్తాం అన్నారు, తెచ్చారు కూడా, కానీ మర్నాడు సాయంత్రానికి. ఒక సంచి క్లిప్పు అరిగిపోయి గతుకు వస్తే ఊడుతోంది, తాడుతో కట్టుకున్నాం. పన్నెండు నుంచి రెండింటి దాకా ఫోన్ ఎత్తరు, లంచ్ టైమ్ అంటే లంచ్ టైమే. బుక్ చేసేటప్పుడే ఎన్ని ఛార్జర్లు ఇస్తారో అడగండి, బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లో కూడా అడగండి, 500కి తక్కువైతే తీస్కోకండి, ఎందుకో కింద చెప్తా.

ఈ-బైకు ఎప్పుడూ తొక్కనివాళ్ళకి రెండు ముక్కలు. యూరప్ రూల్ ప్రకారం మోటార్ 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్లు దాటితే సాయం ఆగిపోతుంది, పెడల్ తొక్కకపోతే అసలు పనిచెయ్యదు, కాబట్టి ఇది మోపెడ్ కాదు, కాళ్ళకి పని ఉంటుంది. మోటార్ పెడళ్ళ దగ్గరుండే మోడల్ అయితే అది చైన్ ద్వారానే లాగుతుంది, అందుకని ఎత్తు మొదలవ్వక ముందే చిన్న గేరులోకి మారిపోవాలి, నిటారులో సగం ఎక్కాక గేరు మారిస్తే చైన్ టకటకమని కొట్టుకుంటుంది. దిగేటప్పుడు బ్రేకు అదే పనిగా నొక్కి పట్టుకోకుండా నొక్కి వదులుతూ దిగాలి, బైకే పాతిక కిలోల దాకా ఉంటుంది, దానికి మన బరువు తోడు.

ఇంక దారి. కలవాన్ వెలోరూట్ అని లోయ పొడుగునా పాత రైలు పట్టాలు తీసేసి వేసిన సైకిల్ రోడ్డు ఉంది, మొత్తం 35 కిలోమీటర్లు పైనే, కార్లు ఉండవు, రైలు కోసం వేసిన కట్ట కాబట్టి ఎత్తులు కూడా ఉండవు, నున్నటి తారు. యూరోవెలో 8 అనే మెడిటరేనియన్ సైకిల్ రూటు కూడా ఇటుగానే పోతుంది. మా పిన్నికి భయం పోయింది ఇక్కడే. మొదటి రోజు కొండలెక్కే పని పెట్టుకోకుండా దీని మీదే ఆప్ట్ దాకా వెళ్ళి రండి, ముఖ్యంగా శనివారం అయితే, ఎందుకంటే ఆప్ట్ శనివారం సంత పెద్దది, ఊరి సందులన్నీ సంతే. చక్కెర పాకంలో రోజుల తరబడి ఊరబెట్టిన పళ్ళు ఆ ఊరి స్పెషల్, చెర్రీలు, ఆప్రికాట్లు, చిన్న కమలాలు గాజులాగా మెరుస్తుంటాయి, మరీ తీపి, ఒక్కటి తింటే చాలు.

ఆప్ట్ నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా ఇటొస్తే పాన్ జూలియెన్ వస్తుంది. రోమన్లు కట్టిన మూడు కమానుల రాతి వంతెన, క్రీస్తుపూర్వం 3 నాటిది, ఇటలీ నుంచి స్పెయిన్ వైపు పోయే వాళ్ళ పాత రహదారి మీద ఉంది. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా ఏమనుకోకండి. ఈ వంతెన మీద 2005 దాకా కార్లు తిరిగాయి! రెండు వేల ఏళ్ళ పాటు బళ్ళూ గుర్రాలూ ఆ తర్వాత లారీలూ కార్లూ, అప్పుడు పక్కన కొత్త వంతెన కట్టి దీన్ని నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలేశారు. కమానుల మధ్య స్తంభాల్లో కిటికీల్లాంటి ఖాళీలు వదిలారు, వరద వచ్చినప్పుడు నీళ్ళు అందులోంచి పోయి వంతెన మీద ఒత్తిడి తగ్గడానికి. వేసవిలో చూస్తే కింద నీళ్ళు పాదాలు కూడా తడవవు, ఇంత పిల్ల కాలువకి ఇంత ఏర్పాటా అనిపిస్తుంది, కానీ కట్టినవాళ్ళు దాని వరద చూసే ఉంటారు. రోడ్డు మీదుగా సైకిల్ తొక్కుతూ రోమన్ వంతెన దాటడం, టికెట్ లేదు గేటు లేదు, నాకైతే ట్రిప్ మొత్తంలో ఇదే గుర్తుండిపోయింది.

ఇక్కణ్ణుంచే కుడికీ ఎడమకీ కొండలెక్కే దారులు చీలతాయి. దక్షిణం గట్టుకి ఒక రోజు, ఉత్తరం గట్టుకి ఒక రోజు పెట్టుకోండి, కలపకండి.

దక్షిణం గట్టు ముందు. పాన్ జూలియెన్ నుంచి బోన్యూకి ఐదారు కిలోమీటర్ల ఎక్కుడు, ద్రాక్ష తోటల మధ్య మెలికలు తిరుగుతూ వెళ్తుంది, శుక్రవారం పొద్దున వెళ్తే సంత ఉంటుంది. ఊరి పైన పాత చర్చికి 86 మెట్లు, సైకిళ్ళు కింద తాళం వేసి ఎక్కండి, పైన పెద్ద దేవదారు చెట్ల నీడ, ఎదురుగా లోయ అవతల గోర్ద్, రూసియాన్, వెనకాల వాంతూ తెల్లటి నెత్తి, ఇటు పక్క కొండ మీద లాకోస్ట్ కోట. ఈ బోన్యూ, లాకోస్ట్ ఒకదాన్నొకటి అలా చూస్కుంటూ ఉంటాయి కదా, దాని వెనక కథ ఉంది. బోన్యూ ఫ్రెంచి విప్లవం వచ్చేదాకా పోప్ గారి ఆస్తి, గట్టి కాథలిక్ ఊరు, లాకోస్ట్‌లోనేమో ప్రొటెస్టెంట్లు, వాల్దో మతస్థులు (కాథలిక్ చర్చి నుంచి విడిపోయిన పాత క్రైస్తవ శాఖవాళ్ళు) ఉండేవాళ్ళు, 1545లో ఈ కొండల్లో ఆ మతంవాళ్ళని ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టి చంపారు. ఇంకాస్త ముందుకెళ్తే మెనెర్బ్, అక్కడ ప్రొటెస్టెంట్లు 1573లో ఊరిని పట్టుకుని చుట్టూ సైన్యం ముట్టడి వేసినా 1578 దాకా లొంగలేదు. కారులో పోతే ఇవి మూడు వేరు వేరు ఊళ్ళు అంతే. సైకిల్ మీద ఒక ఊళ్ళోంచి కిందకి దిగి, లోయ దాటి, రెండోదానికి ఎక్కుతుంటే మాత్రం అప్పటి మనుషులకి ఎదురు కొండ మీది దీపం చూస్తే ఎలా ఉండేదో కాస్త అర్థమవుతుంది, ఎందుకంటే దూరం ఐదారు కిలోమీటర్లే, కానీ ఎక్కాలి.

లాకోస్ట్ పైన కోట మార్కీ ద సాద్ అనే పద్దెనిమిదో శతాబ్దపు రచయితది, విప్లవంలో దోచేశారు, 2001లో ఫ్యాషన్ డిజైనర్ పియేర్ కార్దాన్ కొని బాగుచేయించాడు. ఊళ్ళో సగం ఇళ్ళు ఇప్పుడు అమెరికన్ ఆర్ట్ కాలేజీ ఒకదాని చేతిలో ఉన్నాయి. రాళ్ళు పరిచిన నిటారు సందులు, అక్కడ సైకిల్ తొక్కడం కుదరదు, నెట్టుకుంటూ నడవండి, నున్నగా అరిగిన రాళ్ళు, వాన పడితే జారతాయి. బాగుంది గానీ నాకు కాస్త ఖాళీగా అనిపించింది, ఊరివాళ్ళు కనపడలేదు. మెనెర్బ్ అలా కాదు, పిల్లలు, బేకరీ, కేఫేలో పేపరు చదివే పెద్దాయనలు. పికాసో తన స్నేహితురాలు డోరా మార్‌కి ఇచ్చిన ఇల్లు ఇక్కడే ఉంది.

ఒపెద్ ల వ్యూ ఆఖర్న పెట్టుకోండి, అప్పటికి ఓపిక ఉంటే. పాత ఊరిని జనం వదిలేసి కింద మైదానంలో కొత్త ఊరు కట్టుకున్నారు, పైన శిథిలాలు, ఐవీ తీగలు, పైకప్పు లేని గదులు, కొస మీద చర్చి. కింద మాత్రం ఒకటి రెండు కేఫేలు ఉన్నాయి. పిన్ని గంట సేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

రెండో వైపు, రూసియాన్. ఇక్కడ మట్టే వేరు, పసుపు, కాషాయం, ఇటికరాయి ఎరుపు, ఊరిళ్ళకి కూడా ఆ మట్టి రంగులే పూస్తారు. ఓకర్ గనులు ఇవి, ఇనుము కలిసిన ఇసుకని నీళ్ళతో కడిగి, ఇసుక కిందికి దిగిపోయాక నీళ్ళతో వచ్చిన సన్నటి మట్టిని గుంటల్లో ఆరబెట్టి, పలకలుగా కోసి పొడి చేసేవాళ్ళు, పసుపు మట్టిని కాలిస్తే ఎర్రగా మారుతుంది. ఫ్యాక్టరీల్లో చేసే రంగులు వచ్చాక ఈ పని పడిపోయింది. పాత ఫ్యాక్టరీ ఒకటి ఊరి బయట చూపిస్తారు, ఎక్కువమంది దాన్ని వదిలేసి గనుల్లో నడిచే దారికే వెళ్తారు, నా లెక్కలో ఫ్యాక్టరీయే ముందు చూడాలి, అప్పుడు ఆ ఎర్ర గోడలు ఎవరి చేతుల మీదుగా ఇలా తయారయ్యాయో తెలుస్తుంది. గనుల దారికి చిన్న రౌండు అరగంట, పెద్దది గంట దాకా, టికెట్ కొద్ది యూరోలే. తెల్ల బట్టలు, తెల్ల బూట్లు వద్దు, ఆ మరక పోదు. రెండో ప్రపంచ యుద్ధంలో నాటక రచయిత శామ్యూల్ బెకెట్ పారిస్‌లో నాజీల రహస్య పోలీసులు గెస్టపోకి దొరక్కుండా 1942లో పారిపోయి వచ్చి దాక్కున్నది ఈ ఊళ్ళోనే, పొలం పనులు చేసుకుంటూ బతికాడు.

గోర్ద్ అందం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, అందరూ ఫొటోలు చూసే ఉంటారు, 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం ఆ ఊళ్ళో ఇళ్ళు పేల్చేసిందని మాత్రం ఫొటోల్లో కనపడదు. సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకి ఇక్కడొక హెచ్చరిక, గోర్ద్ ఎక్కే పెద్ద రోడ్డు మీద కార్లు, టూరిస్టు బస్సులు ఎక్కువ, ఫొటో పాయింట్ దగ్గర ఎవరు ఎప్పుడు ఆపుతారో తెలీదు. ఊరి బయట సైకిల్‌ని దాటే కారు మీటరున్నర దూరం వదలాలని చట్టం, చాలామంది పాటిస్తారు కూడా, అయినా పొద్దున తొమ్మిదిలోపు ఎక్కేయండి. మంగళవారం సంత రోజు అసలు వద్దు. ఊళ్ళోంచి నాలుగు కిలోమీటర్లు, ముందు కాస్త ఎక్కి ఆ తర్వాత దిగితే, సెనాంక్ మఠం, 1148లో పెట్టింది, ఇప్పటికీ సన్యాసులు ఉంటున్నారు, ముందు లావెండర్ మళ్ళు జూన్ ఆఖరి నుంచి జూలై మధ్య దాకా ఊదా రంగులో ఉంటాయి. దిగడం సుఖంగా ఉంటుంది కానీ మళ్ళీ అంతా ఎక్కి రావాలి, పెద్ద బ్యాటరీ అన్నది ఇందుకే. గూల్ నుంచి రూసియాన్, గోర్ద్, సెనాంక్ చుట్టి వచ్చేసరికి నా బైకులో ఒక్క గీత మిగిలింది, బల్లపరుపు దారిలో మోటార్ ఆపేసి తొక్కినా కూడా.

బోర్డుల గురించి చెప్పకపోతే తప్పు. లుబెరాన్ మొత్తాన్ని చుట్టే 236 కిలోమీటర్ల సైకిల్ రూటు ఉంది, ఒక దిశలో వెళ్ళేవాళ్ళకి తెల్ల బోర్డులు, ఎదురు దిశలో వెళ్ళేవాళ్ళకి ఓకర్ రంగు బోర్డులు, ప్రతి చీలిక దగ్గరా ఉన్నాయి, ఫోన్ తియ్యకుండా సగం దారి వెళ్ళిపోయాం. పైగా ఆ రూటు కార్లు తక్కువుండే చిన్న రోడ్లనే పట్టుకుని పోతుంది. సైకిల్‌వాళ్ళ కోసం 'అక్కేయ్ వెలో' అనే గుర్తు ఉన్న రూములు చూస్కోండి, వాళ్ళు సైకిళ్ళు పెట్టుకోడానికి తాళం వేసే చోటు ఇవ్వాలి, రిపేరు సామాను ఉండాలి, మా రూముకి అది ఉంది.

తిండి. మా పిన్ని శాకాహారి, గుడ్డు కూడా తినదు, మొదట భయపడ్డాం గానీ జూన్‌లో అక్కడ ఇబ్బంది లేదు. సంతలో కవయాన్ ఖర్బూజా, చెర్రీలు, టమాటాలు, మేక పాల చీజు, బేకరీలో ఆలివ్‌లు వేసిన ఫుగాస్ రొట్టె, ఇవి సంచిలో వేస్కుని ఎక్కడ చెట్టు నీడ కనపడితే అక్కడ తినేవాళ్ళం. పిస్టు సూప్ దొరికితే వదలకండి, బీన్సు, కూరగాయలు వేసి మరగబెట్టిన పులుసులో బేసిల్ ఆకు, వెల్లుల్లి, ఆలివ్ నూనె మన రోటి పచ్చడిలా నూరి కలుపుతారు, కొన్నిచోట్ల పంది మాంసం ముక్క వేస్తారు కాబట్టి అడిగి తీస్కోండి. ఆలివ్‌లతో చేసే తాపెనాద్ చూడ్డానికి శాకాహారమే, అందులో మామూలుగా చేప కలుపుతారు, జాగ్రత్త. రెండు గంటలకి వంటగది మూసేస్తారు, మనలా రెండున్నరకి తీరిగ్గా భోజనం అంటే కుదరదు. నీళ్ళు ఊరూరా ఫౌంటెన్లలో పట్టుకోవచ్చు, 'ఓ నాన్ పొతాబ్ల్' అని రాసుంటే మాత్రం తాగే నీళ్ళు కావు.

గాలి గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. మిస్త్రాల్ అని ఉత్తరం వాయవ్యం నుంచి వీచే గాలి ఉంది, అది లేచిన రోజు ఆప్ట్ నుంచి కవయాన్ వైపు తొక్కితే మొహం మీదే కొడుతుంది, బ్యాటరీ మామూలుకన్నా తొందరగా అయిపోతుంది. అలాంటి రోజు పొద్దున్నే గాలికి ఎదురు వెళ్ళి మధ్యాహ్నం అది తోస్తుంటే వెనక్కి రావాలి. జూలై, ఆగస్టు నాకు సిఫార్సు చెయ్యాలని లేదు, ఎండ 35 దాటుతుంది, మంటల ప్రమాదం ఎక్కువున్న రోజుల్లో అడవి దారులు మూసేస్తారు. లావెండర్ కావాలంటే జూన్ ఆఖరు, అక్కర్లేదనుకుంటే మే లేదా సెప్టెంబర్, సెప్టెంబర్‌లో ద్రాక్ష కోతలు కూడా చూడొచ్చు.

దక్షిణం వైపు లూర్మరాన్ వెళ్ళాలని మా ఆయనకి కోరిక, రచయిత ఆల్బేర్ కామూ నోబెల్ డబ్బులతో 1958లో ఇల్లు కొనుక్కున్న ఊరు, 1960లో కారు ప్రమాదంలో పోయాక సమాధి కూడా అక్కడే. కానీ కొండని చీల్చుకుంటూ పోయే ఆ రోడ్డు సన్నం, మలుపులు, కార్ల వేగం ఎక్కువ, పిన్నితో వద్దనుకున్నాం. కొత్తవాళ్ళని తీస్కెళ్ళేటప్పుడు మీరూ వదిలెయ్యండి.

మార్కులు: సైకిల్ దారికి, బోర్డులకి ఐదుకి ఐదు. బైకులకి నాలుగున్నర. అద్దె సర్వీసుకి మూడున్నర, ఛార్జర్ గొడవ లేకపోతే నాలుగు ఇచ్చేదాన్ని. పొట్టిగా ఉండేవాళ్ళు, ముఖ్యంగా అమ్మల్నీ అత్తయ్యల్నీ తీస్కెళ్ళేవాళ్ళు బుక్ చేసేటప్పుడే ఎత్తు సెంటీమీటర్లలో రాసి, వంగకుండా ఎక్కే వీలున్న, మధ్యలో అడ్డ రాడ్ లేని ఫ్రేము కావాలని అడగండి, చిన్న సైజువి షాపుకి కొన్నే ఉంటాయి, మే జూన్ వీకెండ్లకి అవే ముందు అయిపోతాయి.